ఆపించిన మాత్ర

వేదిక మీది డాక్టర్లకు, మాత్రల సంచులు చేతపట్టుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. మే 10, ప్రపంచ లూపస్ దినం కాబట్టి లూపస్ ఉన్నవాళ్లలో కొలెస్ట్రాల్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. లూపస్ అంటే మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద దాడిచేసే జబ్బు. నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో సైన్సు టీచర్ని. మూడో వరుసలో కూర్చున్నది మా చెల్లెలు. తను ఒప్పుకుంటేనే ఇదంతా చెబుతున్నాను.

2009లో, 26 ఏళ్ల వయసులో తనకు లూపస్ అని తేలింది. రెండు మాత్రలు రాశారు. ఒకటి ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. రెండోది హైడ్రాక్సీక్లోరోక్విన్, లూపస్‌ను అదుపులో ఉంచే మాత్ర. స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారానికే కీళ్ల నొప్పులు తగ్గి లేచి తిరిగింది. రెండోది నెలలు గడిస్తే గానీ పనిచేయదు, చేసినా మనకు తెలియదు. పైగా దాంతో కళ్లు పోతాయని చుట్టాలు భయపెట్టారు. సైన్సు చెబుతాను కదా అని ఇంట్లో నా మాటకు విలువ ఎక్కువ. 2014లో ఆ మాత్ర ఆపేయమన్నది నేనే. డాక్టర్ని అడగలేదు. స్టెరాయిడ్ మాత్రం పాత చీటీ చూపించి మందుల షాపులో తెచ్చుకుంటూనే ఉన్నాం, ఐదేళ్లు.

2019లో ఒక తెల్లవారుజామున ఎడమ భుజం లాగుతోందంది. లూపస్ నొప్పే అనుకుని నూనె రాశాను. గుండెపోటని తెలిసేసరికి మధ్యాహ్నమైంది. 36 ఏళ్లమ్మా తనకి! స్టెంటు వేశాక చూస్తే ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, 190 దాటింది. అప్పటిదాకా ఈఎస్ఆర్, అంటే ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, చూశారు, మూత్రంలో ప్రొటీన్ చూశారు. ఆ పదేళ్లలో కొలెస్ట్రాల్ పరీక్ష ఎవరూ రాయలేదు, మేమూ అడగలేదు.

స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, కాలేయం చేత కొవ్వు ఎక్కువ తయారుచేయిస్తుంది. మోతాదు పెరిగేకొద్దీ ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు పెరుగుతాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గిస్తుంది, షుగర్ వచ్చే ముప్పునూ తగ్గిస్తుంది. నేను చేసింది చూడండి. తగ్గించేదాన్ని మాన్పించాను, పెంచేదాన్ని మింగించాను.

తప్పంతా మందులదే అనడం లేదు. లూపస్ రేగినప్పుడు ఆ జబ్బే మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. కిడ్నీలు దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంటే చెడ్డది ఇంకా ఎగబాకుతుంది. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకూ పెరుగుతుంది. దానితో కొన్ని స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు, కలిస్తే కండరాలు దెబ్బతినొచ్చు, కాబట్టి డాక్టర్‌కు అన్ని మాత్రలూ చూపించాలి. 1997లో అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో చేసిన అధ్యయనంలో 35-44 ఏళ్ల లూపస్ ఆడవాళ్లకు గుండెపోటు అదే వయసు మిగతా ఆడవాళ్లకన్నా 50 రెట్లు ఎక్కువని తేలింది. 1997 అమ్మా! మాకు 2019లో తెలిసింది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. గుండెపోటు తర్వాత హైడ్రాక్సీక్లోరోక్విన్ మళ్లీ మొదలుపెట్టిన కొద్ది నెలలకే కరోనా వచ్చింది. కరోనాకు అది పనిచేస్తుందని ప్రచారం జరిగి, లూపస్ లేనివాళ్లంతా కొనిపెట్టుకున్నారు. లాక్‌డౌన్‌లో ఏడు షాపులు తిరిగితే ఒక్క స్ట్రిప్ దొరికింది. షాపు ముందు రోడ్డు మీదే ఏడ్చాను. కళ్లు పోతాయని మాకు చెప్పినవాళ్ల ఇంట్లోనూ ఆ మాత్రలున్నాయి.

ఏం చెబుతున్నాను? ఆ, రిపోర్టులు. మీ సంచుల్లోంచి ఇప్పుడే తీయండి. లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ పరీక్ష, అని ఎక్కడైనా ఉందా? లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు నోరు తెరిచి అడగండి. నా మాట విని స్టెరాయిడ్ మాత్రం రేపట్నుంచి మానేయకండి, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. మోతాదు తగ్గించగలరేమో డాక్టర్నే అడగండి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, డాక్టర్ స్టాటిన్ రాసేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి.

కళ్ల భయం ఉత్తదేం కాదు. అందుకే కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా రాస్తారు; మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా రెటీనా, అంటే కంటి లోపలి పొర, పరీక్ష చేస్తారు. చెల్లెలు అన్నీ కలిపి పదకొండేళ్లు వాడింది. పోయిన నెల పరీక్ష చేయిస్తే రెటీనా బాగుందని రాసిచ్చారు. ఆ కాగితం తెచ్చాను. భయపడి మాత్ర ఆపేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి, చూపిస్తాను.