పది డోసులు, పద్నాలుగు మంది

(నల్లగొండలో నర్సింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

సిస్టర్లకు, టీచర్లకు నమస్కారం. బిడ్డలూ, మీకు ఆశీస్సులు.

నేను దేవరకొండ వైపు హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కరోనా టీకా కొరత ఉన్నప్పుడు ఎవరికి ముందు వేయాలో మాట్లాడమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వరండా. 2021 ఏప్రిల్, ఎండ మండిపోతోంది. మా దగ్గర ఆ రోజు మిగిలింది ఒక్క కోవిషీల్డ్ వయల్, అంటే చిన్న టీకా సీసా. అందులో పది డోసులు. మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. వరండాలో పద్నాలుగు మంది ఉన్నారు.

అందులో నలుగురు హైదరాబాద్ నుంచి కారులో వచ్చారు. సిటీలో స్లాట్ దొరక్క ఆన్‌లైన్‌లో మా పీహెచ్‌సీకి బుక్ చేసుకున్నారు. వాళ్లది తప్పని నేను అనను, రూల్ ఒప్పుకుంది. వాళ్ల వెనక గోడకు ఆనుకుని తండా నుంచి వచ్చిన ఒక అవ్వ. డెబ్బై దాటి ఉంటాయి. "సారూ, పొద్దుగాల ఏం తినకుంట వచ్చిన. నా కొడుకు బొంబాయిల ఉన్నడు. ఫోన్ల నాకేం తెల్వది" అంది. స్లాట్ ఉన్నవాళ్లకే ముందు అని పైనుంచి చెప్పారు. అవ్వను రేపు రమ్మన్నాం. చెప్పింది నేనే.

కాగితం మీద మన దేశం అవ్వలాంటి వాళ్లను ముందు వరుసల్లోనే పెట్టింది. అది గుర్తుపెట్టుకోండి. 2020 ఆగస్టులో అప్పటి నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె. పాల్ నాయకత్వంలో కేంద్రం ఒక నిపుణుల బృందాన్ని వేసింది. వాళ్ల లెక్క ప్రకారం మొదటి వరుసలో కోటి మంది ఆరోగ్య సిబ్బంది, తర్వాత పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు లాంటి రెండు కోట్ల మంది, ఆ తర్వాత యాభై దాటినవాళ్లు, అంతకన్నా చిన్నవాళ్లయినా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు 27 కోట్ల మంది. మొత్తం 30 కోట్లు. 2021 జనవరిలో తొలి కొనుగోలు ఎంతో తెలుసా? కోవిషీల్డ్ 1.10 కోట్ల డోసులు, మన హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్ 55 లక్షల డోసులు. మనిషికి రెండు డోసులు వేస్తే 82 లక్షల మందికి వస్తుంది. మొదటి వరుసలో ఉన్న కోటి మందికి కూడా పూర్తిగా సరిపోదు.

ఇంత తక్కువ సరుకుతో ఆరోగ్య సిబ్బందికి ముందు ఎందుకు వేశారని ఊళ్లో చాలామంది అడిగారు. "మీకు మీరే వేసుకున్నరు గదా" అని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. కోపం రాలేదు, బాధేసింది. అది మాకు ఇచ్చిన బహుమానం కాదు. మండలంలో ఉన్న ఒక్క ల్యాబ్ టెక్నీషియన్ పడకేస్తే ఆ మండలంలో పరీక్షలు ఆగిపోతాయి. ఒక ఏఎన్‌ఎం అమ్మకు, అంటే ఊళ్లు తిరిగే నర్సమ్మకు, పాజిటివ్ వస్తే ఆమె చూసే గర్భిణులు, పసిపిల్లల టీకాలు అన్నీ ఆగుతాయి. ఆమెకు వేసిన డోసు ఇంకా ఎంతోమందికి రక్షణగా నిలబడుతుంది. ఈ మాట ఊళ్లకు పోయి విడమరిచి చెప్పి ఉంటే ఆయన అలా అడిగేవాడు కాదు. చెప్పలేదు. అది మా లోపం.

వయసు విషయానికి వద్దాం. టీకాతో మనం చేయగలిగేవి రెండు: చావులు తగ్గించడం, వ్యాప్తి తగ్గించడం. రెండూ ఒకే మనిషి దగ్గర ఉండవు. చనిపోయే ప్రమాదం ముసలివాళ్లకు ఎక్కువ, ఎక్కువమందిని కలిసేది పడుచువాళ్లు. ఇండోనేషియా 2021 జనవరిలో 18 నుంచి 59 ఏళ్ల వాళ్లతో మొదలుపెట్టింది, ఎందుకంటే వాళ్లు వాడిన టీకా పరీక్షలు అక్కడ ఆ వయసువాళ్ల మీదే జరిగాయి. బ్రిటన్ వృద్ధాశ్రమాల నుంచి, ఎనభై దాటినవాళ్ల నుంచి మొదలుపెట్టింది. టీకా వ్యాప్తిని ఎంత ఆపుతుందో అప్పటికి ఎవరికీ గట్టిగా తెలియదు. ప్రాణం కాపాడుతుందని మాత్రం తెలుసు. తెలిసిన దాన్ని పట్టుకోవడమే సరైన పని అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అన్ని జబ్బులకూ ఇదే లెక్క అనుకోవద్దు. మశూచిని మన దేశం నుంచి తరిమినప్పుడు వయసు చూడలేదు. 1970లలో కార్యకర్తలు రోగి ఫొటో కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. కేసు దొరికితే ఆ ఇంటి చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకా వేశారు. 1975 తర్వాత మన దేశంలో మశూచి పుట్టలేదు. ఒంటి మీద పొక్కులు కనపడతాయి కాబట్టి అది కుదిరింది. కరోనా అలా కాదు, లక్షణం బయటపడక ముందే అంటిస్తుంది. ఎవరి ఇంటి చుట్టూ వేస్తాం?

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు, 45 నుంచి 59 మధ్య జబ్బులున్నవాళ్లకు మొదలైంది. ఆ రెండో గుంపుకు ఇరవై రకాల జబ్బుల జాబితా, డాక్టర్ సర్టిఫికెట్. సిటీలో అయితే సులభం. మా వైపు షుగర్ ఉన్నా షుగర్ ఉందని తెలియనివాళ్లు ఎంతమంది! పరీక్షే చేయించుకోని మనిషి సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తెస్తాడు? ఏప్రిల్ 1న ఆ షరతు తీసేసి 45 దాటిన అందరికీ అన్నారు. రూల్ ఎంత సున్నితంగా గీస్తే కాగితం లేని పేదవాడు అంత తేలిగ్గా జారిపోతాడని నాకు అప్పుడు అర్థమైంది. వయసు మొరటు కొలత అంటారు. కానీ ఓటరు కార్డు మీద ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు.

మే 1న 18 దాటిన అందరికీ తెరిచారు. వినడానికి సమానత్వం లాగే ఉంటుంది. సరుకు లేదు. మన రాష్ట్రంలో ఆ రోజు ఆ వయసువాళ్లకు మొదలుపెట్టలేకపోయాం. కొన్నాళ్లు మొదటి డోసు ఆపి రెండో డోసు వాళ్లకే వేశాం. ప్రైవేటు ఆసుపత్రులకు కంపెనీలు పెట్టిన ధరే డోసుకు కోవిషీల్డ్ 600, కోవాగ్జిన్ 1200 రూపాయలు. కూలీకి అది ఎన్ని రోజుల కష్టం? 18 నుంచి 44 మధ్యవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం సబబు కాదని సుప్రీంకోర్టు కూడా ప్రశ్నించింది. జూన్ 21 నుంచి కేంద్రమే టీకాల్లో 75 శాతం కొని ఉచితంగా ఇచ్చింది. తలుపు అందరికీ తెరిచి లోపల ఏమీ లేకపోతే, బలమున్నవాడే ముందు దూరతాడు. ఆ రెండు నెలల టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మే చివర్లో రేషన్ డీలర్లు, గ్యాస్ సిలిండర్ వేసేవాళ్లు, ఆ తర్వాత ఆటో డ్రైవర్లు, ఇలా రోజూ వందమందిని కలిసేవాళ్లకు మన రాష్ట్రం ప్రత్యేకంగా వేసింది. ఆ ఆలోచనతో నాకు పేచీ లేదు. మా తండాల్లో మాత్రం అరవై దాటినవాళ్లు అప్పటికీ మిగిలే ఉన్నారు. వాళ్లను మిగలనివ్వకూడదు.

అందుకే మేము ఏం చేశామో చెబుతా. అవ్వను పంపించిన వారం తర్వాత ఆశా కార్యకర్తలతో ఒక నోటుబుక్ రాయించాం. తండాల వారీగా అరవై దాటినవాళ్ల పేరు, ఆటో అవసరమా, ఫోన్ ఎవరిది. అప్పట్లో ఒకే ఫోన్ నంబరు మీద నలుగురిని రిజిస్టర్ చేసే వీలుండేది కాబట్టి ఆశా ఫోన్, పక్కింటి పిల్లగాడి ఫోన్ వాడాం. వయల్ తీసిన రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఎన్ని మిగులుతాయో చూసి ఆ పుస్తకంలోంచి పిలిచేవాళ్లం. బొంబాయి, పుణె వలస వెళ్లిన పాలమూరు కూలీలు అప్పట్లో ఉన్నచోటే వేయించుకునే వీలుండేది. ఆ మాట వాళ్లకు ఫోన్ చేసి చెప్పే పని కూడా ఆశాలదే. నల్లమల అడవి లోపలి చెంచు పెంటల (గూడేల) నుంచి మనిషి రావడం కుదరదు, కోల్డ్ బాక్స్ పట్టుకుని మనమే పోవాలి. ఢిల్లీలో రాసిన వరుస నల్లమలలోని అమ్రాబాద్ దాటాక మన కాళ్ల మీదే నడుస్తుంది.

ఇప్పుడు మీ చేతుల్లో కాగితాలు ఉన్నాయి కదా. ఆ పద్నాలుగు మందిని రాసి ఇచ్చాను. కారులో వచ్చిన నలుగురు ఉన్నారు, వాళ్లలో ఒకరికి గుండె ఆపరేషన్ అయింది. అవ్వ ఉంది. ఇద్దరు ఆశాలు, ఒక బస్ కండక్టర్, రెండో డోసు గడువు వచ్చిన ఒక టీచరమ్మ, 45 దాటిన ఐదుగురు పత్తి రైతులు. పది పేర్లు ఎంచండి, ఒక్కొక్కరి పక్కన కారణం రాయండి. మిగిలిన నలుగురికి వరండాలో నిలబడి ఏం చెబుతారో అది కూడా రాయండి. పావుగంట తర్వాత చదువుదాం.