వలస కారణం అనే గడి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వెనక వరుసల్లో నోటుపుస్తకాలు తెరుచుకుని కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చెప్పిన మంచి మాటల్లో సగం కొట్టివేసినా నాకు అభ్యంతరం లేదు. మిగిలిన సగంలోనూ ఒకటి సరిదిద్దాలి. నన్ను ‘నోరులేనివారి గొంతుక’ అన్నారు. ముప్పై ఏళ్లలో నేను కలిసినవారిలో నోరులేనివారు ఒక్కరూ లేరు. వారు చెప్పినది రాసుకోవడం నా ఉద్యోగం. రాసుకునేటప్పుడు దాన్ని చాలాసార్లు మార్చేశాను కూడా. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘సమకాలీన మానవ హక్కుల సవాళ్లు: విశ్వవిద్యాలయ పరిశోధన, విధాన రూపకల్పన’. అది ఒక పూటలో తేలేది కాదు. అందుకని ఆ మార్చేయడం అనే ఒక్క విషయం గురించే మాట్లాడతాను.

నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల్లో, ఒక ప్రాజెక్టు కోసం ఖాళీ చేయించిన ఊళ్ల జనాన్ని తెచ్చి ఉంచిన పునరావాస కాలనీకి సర్వే పని మీద వెళ్లాను. ఆ చోటు పేరు చెప్పను; చెప్పనని అక్కడివారికి మాట ఇచ్చాను. నా చేతిలో ఉన్నది పద్నాలుగు పేజీల ప్రశ్నావళి. నలుగురు పెద్దలు రెండు నెలలు కూర్చుని తయారుచేసినది కనుక అందులో ఒక్క అక్షరం మార్చే అధికారం నాకు లేదు. ఒక పెద్దామె గంటన్నర సేపు ఓపికగా అన్నిటికీ జవాబులు చెప్పింది. నేను కాగితాలు సర్దుకుంటుంటే, “ఏం రాశావో ఓసారి చదివి వినిపించమ్మా” అంది. అంతకుముందు నన్ను ఎవరూ అలా అడగలేదు. పేరు, వయసు, ఇంట్లో ఎందరు అని చదువుకుంటూ వచ్చాను. అయిదో ప్రశ్న దగ్గర ‘వలస కారణం’ అని ఒక గడి ఉంది. దాని ఎదురుగా ఉపాధి, వివాహం, చదువు, ఇతరములు అని నాలుగు ఎంపికలు. నేను ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టి ఉన్నాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“నేను వలస రాలేదమ్మా. వలసపోయినోళ్లకు వెనక్కి పోను ఊరుంటుంది. మా ఇంటి దూలాలు మా చేతనే విప్పించారు. అది కొట్టెయ్యి.”

“కొట్టేస్తే గడి ఖాళీగా ఉండిపోతుంది పెద్దమ్మా.”

“ఉండనీ. నీ కాగితానికేమన్నా నొప్పా?”

ఆమె చూస్తుండగా ఆ టిక్కు మీద గీత గీశాను. హాస్టలుకు తిరిగి వచ్చాక, ఆ రాత్రి, గీత పక్కన మళ్లీ టిక్కు పెట్టాను. గడి ఖాళీగా ఉన్న పత్రాన్ని కంప్యూటరులోకి ఎక్కించేవారు చెల్లదని తీసి పక్కన పడేస్తారు. పత్రం పోతే ఆమె లెక్కలోనే లేకుండా పోతుంది. అది నా సమర్థన. ఆ సమర్థనలో తప్పేమీ లేదని నా మార్గదర్శకులు అన్నారు. ఈ మాట ఇన్నేళ్లకు ఒక సభలో చెబుతున్నానంటే, ఆ సమర్థన నన్ను ఎంత ఒప్పించిందో మీరే ఊహించుకోవచ్చు.

ఆ పెద్దామె అడిగినది మొండితనం అనుకునేవారు ఉంటారు. అంతర్జాతీయ చట్టానికి సరిగ్గా ఆ మాటే తట్టడానికి చాలా కాలం పట్టింది. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక దేశం సరిహద్దు దాటినవారిని గుర్తించింది గాని, సొంత దేశంలోనే ఇల్లు వాకిలి పోగొట్టుకున్నవారి ఊసెత్తలేదు. వారి కోసం ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 1992లో నియమించిన ప్రతినిధి ఫ్రాన్సిస్ డెంగ్ సూడాన్‌కు చెందిన న్యాయశాస్త్ర పండితుడు. ఆయనా, ఆయనతో పనిచేసిన న్యాయ నిపుణులూ చేసినది కొత్త చట్టం రాయడం కాదు. అప్పటికే ఉన్న ఒడంబడికల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న హక్కులను ఏరి, 1998 నాటికి 30 సూత్రాలుగా ఒకచోట కూర్చడం. అందులో ఆరో సూత్రం యుద్ధం వల్ల చెదిరిపోయినవారితో పాటు, తిరుగులేని ప్రజా ప్రయోజనం చూపకుండా భారీ అభివృద్ధి ప్రాజెక్టుల పేరుతో కదిలించినవారి గురించి కూడా చెబుతుంది. ఆ సూత్రాలకు తమంతట తాముగా చట్టబద్ధత లేదు. అయినా వాటి ఆధారంతో ఆఫ్రికా సమాఖ్య 2009లో ఉగాండా రాజధాని కంపాలాలో దేశాలు కట్టుబడి ఉండవలసిన ఒడంబడిక చేసుకుంది. విశ్వవిద్యాలయంలో జరిగే పని ప్రభుత్వాల విధానంగా మారడం అంటే ఏమిటని అడిగేవారికి నేను చూపే ఉదాహరణ ఇది. నిర్వాసితులకు చట్టంలో ఒక పేరు దొరికింది. మా ప్రశ్నావళిలో మాత్రం వారు ‘ఇతరములు’గానే ఉన్నారు.

పరిశోధకులం ఒకటి గమనించం. మనకు సమాధానాలు కావాలి కనుక ప్రశ్నలు మన ఆస్తి అనుకుంటాం. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక పాలనలో వేలమందిని మాయం చేశారు. నిర్బంధంలో ప్రసవించిన తల్లులను చంపి, ఆ పసిబిడ్డలను ఇతరుల ఇళ్లకు చేర్చారు. ఆ బిడ్డల అమ్మమ్మలూ నానమ్మలూ 1977లో ఒక సంఘంగా ఏర్పడి, ఆ తర్వాత శాస్త్రవేత్తల తలుపులు తడుతూ ఒకే ప్రశ్న అడిగారు: తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి లేనప్పుడు, మా రక్తంతో మా మనవడిని గుర్తుపట్టడం సాధ్యమా? అప్పటికి జన్యుశాస్త్రంలో ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉన్న జవాబు లేదు. అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1984లో ఆ పనిలోకి దిగారు. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆ వెతుకులాటలో గట్టి ఆధారమైంది, ఎందుకంటే అమ్మమ్మలో ఉన్నదే కూతురి మీదుగా మనవడిలో ఉంటుంది. 1987లో ఆ దేశం చట్టం చేసి జాతీయ జన్యు సమాచార నిధిని నెలకొల్పింది. ఇప్పటికి 130 మందికి పైగా మనవలు తామెవరో తెలుసుకున్నారు. ఈ కథను శాస్త్రం సాధించిన విజయంగా చెబుతుంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్న వేసిన ముసలమ్మలే ముందు కనిపిస్తారు.

ఇక లెక్కల సంగతి. గణాంక శాస్త్రం అంటే మానవ హక్కుల విద్యార్థులకు ఎందుకో చిన్నచూపు, దాన్ని ఇవాళే వదిలించుకోండి. పెరూ దేశంలో 1980 తర్వాత ఇరవై ఏళ్లు సాగిన హింస మీద నియమించిన సత్యశోధన కమిషన్ 2003లో నివేదిక ఇచ్చింది. కమిషన్ ముందుకు వచ్చి నమోదైన మరణాలు, అదృశ్యాలు సుమారు 24,000. చివరికి కమిషన్ అంచనా వేసినది 69,280. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, వేర్వేరు సంస్థలు విడివిడిగా రాసుకున్న జాబితాలను పక్కపక్కన పెట్టి, ఒకే పేరు ఎన్ని జాబితాల్లో కనబడుతోందో చూశారు. చెరువులో కొన్ని చేపలను పట్టి, గుర్తు పెట్టి వదిలి, రెండోసారి వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసి మొత్తం చేపలను అంచనా కట్టే పద్ధతే అది. రెండు జాబితాల్లోనూ ఉన్న పేర్లు తక్కువైనకొద్దీ ఏ జాబితాకూ ఎక్కనివారు ఎక్కువని అర్థం. ఆ అంచనా మీద తర్వాత పండితుల మధ్య వాదోపవాదాలు జరిగాయి, జరగాలి కూడా. కాని వాదానికి నిలిచిన మాట ఇంకొకటుంది: కమిషన్‌కు తెలిసిన మృతుల్లో నలుగురికి ముగ్గురు క్వెచువా గాని, మరొక ఆదివాసీ భాష గాని మాతృభాషగా ఉన్నవారు. ఏ భాషలో ప్రశ్న వేస్తున్నామన్నది కూడా లెక్కను మారుస్తుందని ఆ ఒక్క అంశం చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోనివ్వండి. అధ్యక్షులు గడియారం చూడకపోతే ఇంకా మంచిది. కొన్నేళ్ల కిందట పునరావాస విధానం ముసాయిదా రాసే ఒక సంఘంలో నన్ను సభ్యురాలిగా వేశారు. తొమ్మిది సమావేశాలు. ముసాయిదా అంతటా మేము ‘హక్కుదారు’ అని రాశాం. అచ్చయిన ప్రతి చేతికి వచ్చేసరికి ప్రతి చోటా ‘లబ్ధిదారు’ అని ఉంది. అడిగితే, కార్యాలయ పరిభాషకు అనుగుణంగా సరిచేశామని, భావం మారలేదని జవాబు వచ్చింది. భావం మారలేదా? హక్కుదారుకు రావలసినది రాకపోతే ఎవరో జవాబు చెప్పాలి. లబ్ధిదారుకు రాకపోతే, ఈసారి రాలేదు, అంతే. నేను అసమ్మతి లేఖ రాశాను. దాన్ని అనుబంధంలో చేర్చామన్నారు. అనుబంధం అచ్చు కాలేదు.

ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతమా అని అప్పుడు సాటి సభ్యులే విసుక్కున్నారు. వారికి నేను హంసా మెహతా సంగతి చెప్పాను. విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో మొదటి అధికరణం ఇంగ్లీషులో ‘ఆల్ మెన్’ అని మొదలయ్యేది. ఆ మాటలో స్త్రీలూ కలిసే ఉన్నారని, అది వాడుకేనని పెద్దలు సర్దిచెప్పబోయారు. భారత ప్రతినిధిగా ఉన్న ఆమె ఒప్పుకోలేదు. ఆ మాటను పట్టుకుని మగవారిని మాత్రమే లెక్కలోకి తీసుకునే దేశాలుంటాయని పట్టుబట్టారు. 1948 డిసెంబరు 10న 48 దేశాలు ఔననగా, 8 దేశాలు తటస్థంగా ఉండగా, ఆమోదించిన పాఠంలో ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’ అని ఉంది. తెలుగులో చదివేవారికి ఈ పోరాటం జరిగినట్టే తెలియదు. మన ‘మనుషులు’ అన్న మాటలో ఆడామగా ఇద్దరూ మొదటి నుంచీ ఉన్నారు గనుక, తగువు అనువాదంలో కనబడకుండా పోయింది.

ఇప్పటి పరిశోధకులకు నాకంటే కష్టమైన పని ఉంది. నేను పెట్టిన తప్పు టిక్కు కాగితం మీద ఉంది, ఆమె చదివించుకుంది. యంత్రం లోపలి గడిని ఎవరు చదివి వినిపిస్తారు? నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రుల మీద పన్నుల శాఖ మోసగాళ్లన్న ముద్ర వేసి, ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టించింది. ఎవరిని అనుమానించాలో చెప్పే కంప్యూటరు లెక్కల్లో జాతీయత కూడా ఒక అంశంగా చేరింది. 2021 జనవరిలో ఆ వ్యవహారం మీద ప్రభుత్వమే రాజీనామా చేసింది. దానికి ఏడాది ముందు, సంక్షేమ మోసాలను ముందే పసిగడతామంటూ తెచ్చిన మరొక కంప్యూటరు వ్యవస్థను హేగ్ జిల్లా కోర్టు కొట్టేసింది. అది ఎలా పనిచేస్తుందో పౌరుడు పరిశీలించుకునే దారి లేదన్నది తీర్పులో ముఖ్యమైన మాట. ఆ కేసులో కోర్టుకు తన అభిప్రాయం సమర్పించిన ఫిలిప్ ఆల్స్టన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు, అప్పటికి తీవ్ర పేదరికంపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు. ఆ పదవికి జీతం ఉండదని ఇక్కడి యువ అధ్యాపకులకు ముందే చెప్పడం నా ధర్మం.

విద్యార్థులారా, మనం రాస్తే ఎవరు వింటారని మీరు నన్ను ప్రతి సభలోనూ అడుగుతారు. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యతలేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలని తలపెట్టారు. పసిఫిక్ ద్వీప దేశమైన వనువాతు ప్రభుత్వం ఆ మాట అందుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నను న్యాయస్థానానికి పంపింది. 2025 జులై 23న న్యాయస్థానం ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది, బాధ్యత ఉందని. ఇంతకు మించి మీకు వేరే జవాబు నా దగ్గర లేదు.

ఆ పెద్దామె దగ్గరికి మళ్లీ వస్తాను. మూడేళ్ల తర్వాత నివేదిక అచ్చయింది. ఒక ప్రతి పట్టుకుని ఆ కాలనీకి వెళ్లాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమెకు తెలుగులో చెప్పుకుంటూ పోతుంటే, “ఇందులో నేనెక్కడున్నాను?” అంది. ఆ కాలనీ పట్టికలో ‘ఇతరములు’ అన్న వరుసలో 41 అన్న అంకె మీద వేలు పెట్టి, “ఈ నలభై ఒక్క ఇళ్లలో మీ ఇల్లొకటి” అన్నాను. “మిగతా నలభై ఎవరివి?” అంది. చెప్పకూడదన్నాను, పేర్లు బయటపెట్టమని అందరికీ మాట ఇచ్చామన్నాను. ఆమె నవ్వి, గోడకు చేరగిలబడి, పాత ఊళ్లో ఇళ్లు ఏ వరుసలో ఉండేవో ఆ వరుసలోనే, వేళ్ల మీద ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పడం మొదలుపెట్టింది. యాభై మూడు దగ్గర ఆగింది.

మేము తిరిగి సర్వే చేశాం. ఆ పన్నెండు ఇళ్లవారూ మేము మొదట వెళ్లిన నెలలో పనులకు పోయి ఉన్నారు. తాళం ఉన్న ఇళ్లను వదిలేయమని మా ప్రశ్నావళి మొదటి పేజీలోనే రాసి ఉంది. రెండో ముద్రణలో ఆ పట్టిక సరైంది. వరుస పేరు ‘నిర్వాసితులు’, అంకె 53. పట్టిక కింద ‘మూలం’ అన్నచోట ఏం రాయాలో మాకు తోచలేదు. ఆమె పేరు రాయకూడదు. చివరికి ‘స్థానిక సమాచారం’ అని రాశాం.