పోపులపెట్టెలోని పసుపుకు కాగితం సాక్ష్యం

శ్రోతలకు నమస్కారం. కత్తిపీట మీద వేలు తెగితే మా అమ్మ ముందుగా అందుకునేది పోపులపెట్టెనే. గాయం మీద చిటికెడు పసుపు అద్ది, పాత పంచె పేలిక చుట్టుకుని, మళ్లీ వంకాయలు తరగడానికి కూర్చునేది. సరిగ్గా ఈ వైద్యానికే 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం 5401504 సంఖ్యతో పేటెంటు, అంటే ఆవిష్కర్తకు దక్కే ప్రత్యేక హక్కు, మంజూరు చేసింది. పసుపుతో గాయం మాన్పడం తమ ఆవిష్కరణ అని చెప్పుకున్నవారు మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకులు. ఆ ఇద్దరూ భారతీయ మూలాలున్నవారే కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పేటెంటు కావాలంటే కొత్తదనం ఉండాలి కదా, కోట్లమందికి తెలిసిన పసుపులో కొత్తదనమేమిటని మీరు అడగవచ్చు. అయితే ఆనాటి అమెరికా చట్టం పరాయి దేశంలో జనం వాడుతున్నారన్న కారణంతో ఒక పద్ధతిని పాతదిగా ఎంచేది కాదు. అది అచ్చులో ఉందా అని అడిగేది. అమ్మ చెయ్యి సాక్ష్యం కాదు, కాగితం సాక్ష్యం.

ఆ కాగితాలను మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వెతికి తెచ్చింది. రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలోని ఆ సంస్థ 1996లో పునఃపరిశీలన కోరుతూ ముప్ఫై రెండు ఆధారాలు సమర్పించింది. వాటిలో సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల భాగాలతో పాటు 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఉంది. 1997 ఆగస్టులో ఆ పేటెంటు హక్కులను కార్యాలయం తోసిపుచ్చింది. ఎవరో ఎప్పుడో రాసిపెట్టబట్టి గెలిచాం.

ఆ అనుభవంతోనే 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల తయారీ విధానాలను ఐదు విదేశీ భాషల్లో పేటెంటు పరీక్షకులకు అందుబాటులో ఉంచింది. కానీ గ్రంథానికెక్కని మందు మాటేమిటి? మన పేటెంటు చట్టంలోని 25వ సెక్షను స్థానిక సమాజాల నోటిమాట విజ్ఞానాన్ని కూడా పేటెంటుపై అభ్యంతరానికి ఆధారంగా అంగీకరిస్తుంది. అయినా మన్యంలో ఒక పెద్దాయనకు మాత్రమే తెలిసిన పసరును ఆయన తదనంతరం నిరూపించడమెలా?

నేను చెప్పదలచిన ఆచరణ ఒక్కటే. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలో ఉండే జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఊరి మొక్కలూ జీవాలూ వాటి గురించి జనానికి తెలిసినదీ రాసిపెట్టే పుస్తకం, తయారుచేయాలి. మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టరు చూపమని అడగండి. మొక్క పేరు మీ ఊరి వాడుకలోనే రాయించండి. వేరా, బెరడా, ఆకా, ఏ జబ్బుకు, ఎలా నూరి ఇస్తారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నవి ఉండాలి. చెప్పినవారి సమ్మతి తీసుకోండి. ఇంటి గుట్టుగా ఉంచదలచిన మందును మాత్రం అందరూ చూసే పుటలో చేర్చవద్దు. పెద్దాయనకు ఓపిక ఉన్న ఒక సాయంత్రం, పెన్నూ నోటుపుస్తకమూ పట్టుకుని ఆయన అరుగు మీద కూర్చుంటే పని మొదలైనట్లే. సెలవు.