కంబర్లాండ్ గనుల ఊళ్లలో రగ్బీ లీగ్

శ్రోతలకు నమస్కారం.

1952 ఏప్రిల్ 19, శనివారం. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో రగ్బీ లీగ్ ఛాలెంజ్ కప్ ఫైనల్. చూడటానికి 72 వేల మంది వచ్చారు. ఒక జట్టు వర్కింగ్టన్ టౌన్, రెండోది యార్క్‌షైర్ బొగ్గుగనుల ఊరు ఫెదర్‌స్టోన్‌కి చెందిన ఫెదర్‌స్టోన్ రోవర్స్. వర్కింగ్టన్ కెప్టెన్ గస్ రిస్మన్ వయసు ఆ రోజుకి 41 ఏళ్ల 29 రోజులు. ఒకరినొకరు ఢీకొట్టి పడేసుకునే ఆటలో నలభై దాటిన మనిషికి ఏం పని అనిపిస్తుంది కదా! ఆ మనిషే ఆ జట్టుకి కెప్టెన్, కోచ్, గోల్స్ కొట్టే కిక్కర్ కూడా.

వర్కింగ్టన్ ఎక్కడుందో ముందు చెప్పాలి. ఇంగ్లండ్ పటంలో వాయవ్యం మూలకి వెళ్తే, ఐరిష్ సముద్రం ఒడ్డున, డెర్వెంట్ నది సముద్రంలో కలిసేచోట ఉంటుంది. అప్పట్లో ఆ జిల్లా పేరు కంబర్లాండ్. కొండలకి అవతలివైపు సరస్సులూ, టూరిస్టులూ. ఇవతలివైపు బొగ్గుగనులూ, ఉక్కు కొలిమీ, రైలు పట్టాలు తయారుచేసే కర్మాగారమూ. ఆ ఇవతలివైపు వాళ్ల ఆట ఇది.

రగ్బీలో రెండు రకాలున్నాయి. మనవాళ్లు టీవీలో ఎక్కువగా చూసేది పదిహేను మంది ఆడే యూనియన్. రగ్బీ లీగ్‌లో పదమూడు మందే. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి, కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టేసినట్టు, ఇద్దరు ముగ్గురు కలిసి పట్టి పడేస్తారు. పడినవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి, ఆట మళ్లీ మొదలుపెడతాడు. ఇన్నిసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకి ఇచ్చెయ్యాలనే లెక్క ఆ రోజుల్లో లేదు. ఇలా పట్టి పడెయ్యడాన్ని టాకిల్ అంటారు. నాలుగు టాకిళ్ల నిబంధన 1966లో గానీ రాలేదు. కాబట్టి బలమున్న జట్టు నిమిషాల తరబడి బంతి వదలకుండా తోసుకుంటూ పోయేది. చూసేవాళ్లకి అది ఒక్కోసారి విసుగే, దాచుకోనవసరం లేదు.

యూనియన్, లీగ్ అనే ఈ చీలిక 1895 నాటిది. శనివారం ఆటకి వెళ్తే గనిలోనో మిల్లులోనో పని పోయేది, ఆ పూట కూలీ పోయేది. పోయిన కూలీని క్లబ్బులు ఇవ్వనివ్వండి అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆటకి డబ్బేమిటి, అది పెద్దమనుషుల వ్యాపకం అని లండన్ పెద్దలు కాదన్నారు. ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై ఉత్తరాది క్లబ్బులు వేరుకుంపటి పెట్టుకున్నాయి. రోజుకి ఆరు షిల్లింగుల వరకు కూలీ నష్టం ఇవ్వొచ్చని రాసుకున్నాయి. దీన్ని క్రీడా వివాదం అంటారు గానీ, నన్నడిగితే అది అచ్చంగా కూలి తగాదా. గనుల ఊళ్లు ఈ ఆటని సొంతం చేసుకున్నాయంటే అందులో వింతేముంది?

ఇక రెండో ప్రపంచయుద్ధం ముగిసే రోజులకి వద్దాం. యుద్ధం వల్ల జనం ఆరేళ్లు సరదా అనేది లేకుండా గడిపారు. తిండి మీద రేషన్, బట్టల మీద రేషన్. కొనడానికి సరుకు లేదు గానీ గనుల్లో పని మాత్రం బోలెడు. చేతిలో నాలుగు డబ్బులు, శనివారం మధ్యాహ్నం ఖాళీ. జనం మైదానాలకి పోటెత్తారు. 1949-50 సీజన్‌లో రగ్బీ లీగ్ మ్యాచ్‌లకి దాదాపు 70 లక్షల టికెట్లు తెగాయి. 1954 మే 5న బ్రాడ్‌ఫర్డ్‌లోని ఓడ్సల్ మైదానంలో, వారింగ్టన్, హాలిఫాక్స్ మధ్య డ్రా అయిన ఛాలెంజ్ కప్ ఫైనల్‌ని మళ్లీ ఆడిస్తే, అది బుధవారమైనా 1,02,569 మంది వచ్చారు. అది టికెట్ల లెక్క. గోడలు దూకి వచ్చినవాళ్ల లెక్క వేరే.

వర్కింగ్టన్ టౌన్ క్లబ్ లీగ్‌లో చేరింది 1945లో. మరుసటి ఏడాది రిస్మన్‌ని తెచ్చుకున్నారు. ఆయన 1911లో కార్డిఫ్ రేవు పక్కన టైగర్ బే పేటలో పుట్టాడు. తల్లిదండ్రులు లాత్వియా నుంచి వలస వచ్చినవాళ్లు. సాల్‌ఫర్డ్ క్లబ్‌కి ఏళ్ల తరబడి ఆడి పేరు తెచ్చుకున్నాడు. 1946లోనే బ్రిటన్ జట్టుకి కెప్టెన్‌గా ఆస్ట్రేలియా వెళ్లాడు. యుద్ధం అప్పుడే ముగిసింది, ప్రయాణికుల ఓడలు దొరకలేదు. 26 మంది ఆటగాళ్లని ఇండామిటబుల్ అనే విమానవాహక యుద్ధనౌకలో ఎక్కించి పంపారు! నౌక ఫ్రీమాంటిల్ దగ్గర దింపితే, అక్కణ్ణుంచి రైల్లో ఆ ఖండాన్ని అడ్డంగా దాటి సిడ్నీ వైపు వెళ్లారు. మూడు టెస్టుల్లో మొదటిది డ్రా చేసి, మిగతా రెండూ గెలిచారు.

అలాంటివాడు ఒక మారుమూల కొత్త క్లబ్‌కి వచ్చి, చుట్టుపక్కల ఊళ్లలో గనిపని చేసుకునే కుర్రాళ్లని పోగుచేశాడు. టోనీ పాస్కిన్స్, జానీ మడ్జ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా నుంచి వచ్చారు. జట్టుకి గుండెకాయ లాంటి బిల్లీ ఐవిసన్ మాత్రం స్థానికుడు. 1951లో వారింగ్టన్‌ని 26-11తో ఓడించి ఛాంపియన్లయ్యారు. ఆ మరుసటి ఏడాది వెంబ్లీ.

ఆ ఫైనల్ లెక్క ఒకసారి చూడండి. బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై. గోల్ కర్రల మధ్య నుంచి, అడ్డకర్ర మీదుగా తన్నితే గోల్. అప్పుడు ట్రైకి మూడు పాయింట్లు, గోల్‌కి రెండు. వర్కింగ్టన్ నాలుగు ట్రైలు చేసింది, పన్నెండు. మూడు గోల్స్, ఆరు. మొత్తం 18. ఆ మూడు గోల్సూ కొట్టింది 41 ఏళ్ల రిస్మన్. ఫెదర్‌స్టోన్ పది దగ్గర ఆగిపోయింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ ఐవిసన్‌ది.

ఒక చిన్న పిట్టకథ. అప్పట్లో రగ్బీ జట్టూ, ఊరి ఫుట్‌బాల్ జట్టూ ఒకే మైదానంలో ఆడేవి. 1954లో ఫుట్‌బాల్ జట్టుకి మేనేజర్‌గా వచ్చిన బిల్ షాంక్లీ, తరవాత లివర్‌పూల్‌ని ఎక్కడికో తీసుకెళ్లిన షాంక్లీయే, రగ్బీవాళ్లు పచ్చికంతా దున్నేస్తున్నారని తెగ సణిగేవాడు. 1956లో రగ్బీ క్లబ్ డెర్వెంట్ పార్క్ అనే సొంత మైదానానికి మారింది.

వర్కింగ్టన్‌కి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో వైట్‌హేవెన్ ఉంది. అక్కడి గనుల సొరంగాలు సముద్రం కిందికి వెళ్లేవి. 1947 ఆగస్టు 15 మనకి ఏ రోజో చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రమే వైట్‌హేవెన్‌లోని విలియం పిట్ అనే గనిలో గ్యాస్ పేలింది. 104 మంది చనిపోయారు. ముగ్గురు మాత్రం దాదాపు ఇరవై గంటల తరవాత నడుచుకుంటూ బయటికొచ్చారు. బొగ్గుగనుల్ని ప్రభుత్వం జాతీయం చేసి అప్పటికి ఎనిమిది నెలలు కూడా కాలేదు.

ఆ మరుసటి ఏడాది, 1948లో, వైట్‌హేవెన్ రగ్బీ లీగ్ క్లబ్ పెట్టారు. ప్రమాదం వల్లే క్లబ్ పుట్టిందని నేను అనను. పక్క ఊరికి జట్టుంటే మనకెందుకు ఉండకూడదన్న పంతం చాలు దానికి. కానీ ఆ కొత్త జట్టుని చూడ్డానికి మొదటి సీజన్‌లో నిలబడ్డ జనంలో అన్ననో నాన్ననో పోగొట్టుకున్నవాళ్లు ఉండి తీరాలి, ఊరు అంత చిన్నది.

ఆ చిన్న ఊరే 1956లో ఆస్ట్రేలియా జట్టుని తమ రిక్రియేషన్ గ్రౌండ్‌లో 14-11తో ఓడించింది. తరవాతి ఏడాది ఛాలెంజ్ కప్ సెమీఫైనల్ కొచ్చింది. ప్రత్యర్థి లీడ్స్. ఆట చివరికొచ్చేసరికి వైట్‌హేవెన్ 9-8తో ముందుంది. అప్పుడు లీడ్స్ ఆటగాడు జెఫ్ స్టీవెన్సన్ ఒక డ్రాప్ గోల్, అంటే ఆట మధ్యలోనే చేతిలోని బంతిని నేలకి వదిలి, అది లేస్తుండగా తన్నే గోల్, కొట్టాడు. 10-9. లీడ్స్ వెంబ్లీకి వెళ్లి కప్పు గెలిచింది. వైట్‌హేవెన్ ఇంతవరకూ ఆ ఫైనల్ ఆడలేదు.

ఆ తరవాత టీవీలొచ్చాయి, కార్లొచ్చాయి, మైదానాల్లో జనం పలచబడ్డారు. వైట్‌హేవెన్‌లో చివరి గని 1986లో మూతపడింది. వర్కింగ్టన్‌లో పట్టాల తయారీ 2006లో ఆగిపోయింది. రెండు క్లబ్బులూ కింది డివిజన్లకి జారాయి గానీ మూతపడలేదు. వర్కింగ్టన్, వైట్‌హేవెన్ తలపడే రోజున ఈ రెండు ఊళ్ల మధ్య ఇప్పటికీ మాట పడదు. ఆడేవాళ్లలో ఎక్కువమంది సోమవారం పొద్దున మళ్లీ తమ తమ ఉద్యోగాలకి వెళ్లాల్సినవాళ్లే.

సెలవు. నమస్కారం.