యంత్రం రాసిన తెలుగును దిద్దాలా, తీసేయాలా? తెలుగు వికీపీడియాపై చర్చ

(గ్రీన్‌లాండ్ భాష వికీపీడియాను మూసేయాలని 2025లో నిర్ణయమైంది. ఆ భాష రానివాళ్లు యంత్రానువాదాలు తెచ్చి నింపడమే కారణం. మనకూ ఆ గతి పడుతుందా అన్నదే ఈ చర్చ. ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడిన చోట అలాగే ఉంచాం. పాల్గొన్నవారు: తెలుగు వికీలో చాలా ఏళ్లుగా రాస్తున్న నిర్వాహకురాలు, విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.)

వ్యాఖ్యాత: నమస్కారం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇవాళ లక్ష వ్యాసాలు దాటింది. రాసేవాళ్లకు పైసా జీతం లేదు. నా మొదటి ప్రశ్న అదే. మేడమ్, ఇంత చాకిరీ ఊరికే ఎందుకు చేస్తున్నారు?

నిర్వాహకురాలు: నమస్కారమండీ. ఊరికే అని ఎప్పుడూ అనిపించలేదు. మా అత్తగారి ఊరి పేజీ తెరిస్తే రెండే వాక్యాలున్నాయి. ఇంత చిన్న పేజీలను మేం మొలకలంటాం. ఆ రెండు వాక్యాల్లో ఒకటి తప్పు, మండలం పేరు. దాన్ని సరిచేద్దామని కూర్చున్నదాన్ని...

అధ్యాపకుడు: అమ్మా, ఊరి సంగతి తర్వాత చూద్దాం. అసలు జబ్బు భాషది. ఇదిగో, వికీలో యంత్రం రాసిన వాక్యాలు రాసుకొచ్చాను. "ఆయన చేత అనేక నవలలు వ్రాయబడినవి." ఏ తెలుగువాడి నోట వస్తుందండీ ఈ మాట? "నది యొక్క ఒడ్డున గల ఒక గ్రామము." ఏటి ఒడ్డున ఊరు అంటే సరిపోదూ? ఇట్లాంటివి చదివి పిల్లలు పరీక్షల్లో ఇదే రాస్తున్నారు. తీసేయండి. ఒక్క వాక్యం కూడా ఉంచొద్దు.

ఉద్యోగి: మాస్టారూ, మీరు చదివిన వాక్యాన్ని దిద్దడానికి అర నిమిషం చాలు. "ఆయన చాలా నవలలు రాశాడు." అయిపోయింది.

అధ్యాపకుడు: రాశాడా? రాశారు అనాలి బాబూ! పెద్దవాళ్లను పట్టుకుని వాడు వీడు అన్నట్టు...

నిర్వాహకురాలు: అది వికీ పద్ధతండీ. శ్రీ, గారు ఉండవు, క్రియ ఏకవచనంలో ఉంటుంది. ఒకరికి గారు తగిలించి ఇంకొకరికి వదిలేస్తే పక్షపాతం...

అధ్యాపకుడు: మహాత్ముణ్ణి కూడా "అన్నాడు" అంటారా?

నిర్వాహకురాలు: అవునండీ. దీని మీద రచ్చబండలో ఎన్నిసార్లు వాదించుకున్నామో! మా చర్చలన్నీ జరిగే పేజీ పేరు రచ్చబండ. అందరూ చూస్తారు, ఎవరైనా...

వ్యాఖ్యాత: ఆగండి, ఆగండి. ఈ వాదనలకు ఇన్ని గంటలు పోస్తున్నారు కదా. వికీపీడియాకు ప్రపంచమంతా విరాళాలు పోగవుతున్నాయి. రాసేవాళ్లకు అందులో వాటా ఎందుకు లేదు?

ఉద్యోగి: డబ్బు తీసుకుని రాస్తే ఆ సంగతి బయటపెట్టాలన్న నియమం ఉంది సార్. ఎవరి డబ్బు తింటామో వాళ్ల పాట పాడతాం...

అధ్యాపకుడు: డబ్బిస్తే కనీసం తెలుగొచ్చినవాళ్లు రాసేవారు! నేను మళ్లీ చెబుతున్నాను, జబ్బు భాషది. స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాకు ఏమైందో తెలుసా? ఆ భాష రాని ఒక అమెరికా కుర్రాడు 20 వేలకు పైగా వ్యాసాలు రాసిపడేశాడు. 2020లో గానీ బయటపడలేదు. పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టాడట!

నిర్వాహకురాలు: ఆ కథలో అసలు సంగతి వేరేనండీ. అన్నేళ్లు అతన్ని సరిదిద్దే స్కాట్స్ మనిషి ఆ పక్కకు రాలేదు. మనకు రావాల్సిన భయం అది. యంత్రం చెడగొట్టేది కొంతైతే, చూసే మనిషి లేక...

అధ్యాపకుడు: అంటే నేను చెప్పిందే!

నిర్వాహకురాలు: కాదండీ. మీరు తీసేయమంటున్నారు. నేను కూర్చుని దిద్దమంటున్నాను.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు)

వ్యాఖ్యాత: మాస్టారు పూర్తి చేయనివ్వండి మేడమ్.

అధ్యాపకుడు: కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. 1923లో పోయేనాటికి వచ్చినవి మూడు సంపుటాలు. మూడే! కానీ ప్రతి పుటా పండితులు రాశారు. మీకు లక్షెందుకు? పదివేలు చాలు.

ఉద్యోగి: ఆ పదివేలు ఏవో ఎవరు తేలుస్తారు? మా ఊరు అందులో ఉంటుందా?

నిర్వాహకురాలు: ఊళ్ల సంగతి ఒక్క నిమిషం చెప్పనివ్వండి. ఊరి పేజీలు వేలల్లో ఉన్నాయి. మొదట బాటుతో, అంటే తనంతట తానే పేజీలు పెట్టే ప్రోగ్రాముతో సృష్టించారు. తర్వాత 2011 జనగణన తీసుకుని నింపాం. ఎన్ని ఇళ్లు, ఎంత జనం, దగ్గర్లో జూనియర్ కాలేజీ ఎక్కడుంది. అంతా అయ్యిందనుకుంటుండగా 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రాలో 2022 ఏప్రిల్లో 13 కాస్తా 26. ప్రతి పేజీలో జిల్లా మారాలి. కొన్ని ఊళ్లకు మండలం కూడా మారింది. గెజిటు పక్కన పెట్టుకుని ఒక్కో ఊరే చూశాం. ఒకే మండలంలో ఒకే పేరుతో రెండు ఊళ్లుంటాయి, ఏది ఎటు వెళ్లిందో యంత్రం చెప్పలేదు. ఆ ఊరివాడొకడు చర్చ పేజీలో రాస్తే తెలిసింది, మాది చెరువు కింది ఊరండీ, గుట్ట పక్కది కాదని. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరో తెలియదు. ఒకే ఒక్క దిద్దుబాటు చేసి వెళ్లిపోయాడు.

వ్యాఖ్యాత: అతనికీ ఏమీ ముట్టలేదు కదా మేడమ్! నేననేది అదే.

ఉద్యోగి: సార్, డబ్బు కన్నా మూలాలు, అంటే రాసినదానికి చూపే ఆధారాలు, పెద్ద సమస్య. తెలుగు పత్రికల పాత లింకులు చాలావరకు కొన్నేళ్లకే చచ్చిపోతాయి. ఇవాళ మూలం ఇస్తాం, రేపు నొక్కితే పేజీ ఉండదు. అందుకే ఇచ్చిన రోజే, వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్‌లో భద్రపరచాలి. ఇంకో చిక్కు, వికీలో తప్పు చూసి పత్రికలో రాస్తారు, ఆ పత్రికనే తెచ్చి వికీలో మూలంగా పెడతారు. తప్పు గట్టిపడిపోతుంది.

అధ్యాపకుడు: చూశారా! ఇందుకే తీసేయమంటున్నది. 2025లో ఇంగ్లీషు వికీ వాళ్లే ఏఐతో రాసి, చూసుకోకుండా పెట్టిన వ్యాసాలను చర్చ లేకుండా తొలగించే నియమం పెట్టుకున్నారు. వాళ్లకు లేని జాలి మనకెందుకు?

నిర్వాహకురాలు: వాళ్లకు రాసేవాళ్లు బోలెడు మంది. మనకు రోజూ కనబడేవాళ్లు గుప్పెడు. మా దగ్గరా అడ్డుకట్ట ఉంది. వికీలోని అనువాద పరికరంలో యంత్రం ఇచ్చింది చాలావరకు ఇచ్చినట్టే ఉంచితే ప్రచురించనివ్వదు. మాస్టారూ, మీ చేతిలో ఉన్న కాగితంలో ఎన్ని తప్పులున్నాయి?

అధ్యాపకుడు: నలభైకి పైనే.

నిర్వాహకురాలు: మరి పేజీలో ఎన్ని దిద్దారు?

అధ్యాపకుడు: ... నాకు ఆ కంప్యూటరు రాదమ్మా. అది నా పని కాదు. నా పని చెప్పడం. మళ్లీ చెబుతున్నాను, పరాయి వాక్యం ఇంట్లోకి వస్తే...

ఉద్యోగి: నేను నేర్పుతాను మాస్టారూ, గంట చాలు, ముందు ప్రయోగాలు చేసుకునే పేజీలో...

అధ్యాపకుడు: నన్ను మాట్లాడనివ్వు బాబూ! తీసేయాలి. అంతే.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మాస్టారు చాలా బలంగా చెప్పారు, యంత్రం రాసింది తీసేయాల్సిందేనని. జీతాల ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు, వచ్చే వారం దాన్నే పట్టుకుందాం. మేడమ్, పది సెకన్లు.

నిర్వాహకురాలు: ఆ నలభై తప్పుల కాగితం నాకివ్వండి మాస్టారూ. ఇవాళ రాత్రికే కూర్చుని...

అధ్యాపకుడు: కాగితం ఇస్తాను, కానీ ముందు ఒప్పుకోండి...

(కార్యక్రమం ముగిసింది)