పాత ట్రాక్టరులో ఏ పార్టు ఏ బండిదో ఎలా పట్టుకోవాలి

(షాట్: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. బానెట్ తీసేసిన పాత మాసీ 1035.)

నమస్కారమండీ. పాత ట్రాక్టరు కొనడానికి వెళ్ళినవాళ్ళు చాలామంది బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, స్టార్టు చేయించి, పొగ రంగు చూసి బేరంలోకి దిగిపోతారు. పెయింటు చూసి మాత్రం నమ్మకండి. రంగు కొట్టి స్టిక్కర్లు అతికించడం ఎంతసేపు? లోపల ఇంజను ఒక బండిది, గేర్ బాక్స్ ఇంకో బండిది, వెనక యాక్సిల్ మరో బండిది అయినా పైకి ఏమీ తెలీదు. అలాగని నలభై ఏళ్ళ నుంచి మన డెల్టా పొలాల్లో ఏటా దమ్ము చేసిన బండిలో అన్నీ కంపెనీ నుంచి వచ్చినప్పటి పార్టులే ఉండాలంటే కుదరదు. మార్చడం తప్పేం కాదు. జోడీగా మార్చాల్సినవి జోడీగా మార్చారా లేదా, అదొక్కటే మనం చూడాల్సింది.

(షాట్: ఇంజను బ్లాకు దగ్గరగా)

తమ్ముడూ, టార్చి ఇటు కొట్టు. ఈ ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చూశారా, వీటినే చాలామంది ఇంజను నంబరు అనుకుని ఆర్‌సీతో పోల్చి టెన్షన్ పడుతుంటారు. ఇది అచ్చు నంబరు. ఇనుము పోత పోసినప్పుడే వచ్చేస్తుంది, అదే అచ్చులో పోసిన బ్లాకులన్నిటికీ ఇదే ఉంటుంది. అసలు ఇంజను నంబరు పంచ్‌తో కొట్టింది, లోపలికి దిగి ఉంటుంది. మడ్డి పట్టి కనపడకపోతే డీజిల్‌తో తుడిచి, ఆరాక సుద్దముక్కతో రుద్దండి, గుంటల్లో తెలుపు నిండి అంకెలు లేచొస్తాయి, ఇదిగో. ఇప్పుడు ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకె చదవండి. ఛాసిస్ నంబరు కూడా అంతే. అంకెల చుట్టూ గ్రైండరు గీతలున్నా, వరస వంకరగా ఉన్నా ఆ బండి ఎంత చవకైనా వదిలేయండి. నంబరు కొట్టి రివెట్లతో బిగించిన ప్లేటు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ప్లేటు ఊడదీసి ఇంకో బండికి కొట్టడం పెద్ద పనేం కాదు. నిజంగానే ఇంజను మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందో లేదో అడగండి, బండిలో మార్పులు చేస్తే ఆర్టీవో ఆఫీసులో చెప్పాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది.

(షాట్: బోల్టు మీద పానా)

పానాతో కూడా చాలా తెలుస్తుంది. మాసీ మూలం ఇంగ్లాండు డిజైను, అందుకే దీనిలో ఎక్కువ బోల్టులు అంగుళం కొలతలవి. హెచ్‌ఎంటీ బండ్లు చెకొస్లొవేకియా కంపెనీ జెటర్ డిజైనుతో వచ్చాయి కాబట్టి వాటిలో మిల్లీమీటర్లు. అంగుళంలో ఐదు బై పదహారు బోల్టు 7.94 మిల్లీమీటర్లు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు కంటికి అలాగే కనిపిస్తుంది, రెండు మూడు చుట్లు ఎక్కేస్తుంది కూడా, ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ బలవంతంగా బిగించారంటే మరలు పోయినట్టే. అర అంగుళం పానా సరిగ్గా కూర్చోవాల్సిన చోట అది ఎక్కకుండా 13 మిల్లీమీటర్ల పానా బిగుతుగా కూర్చుంటే, అక్కడ ఎవరో వేరే సామాను వేసినట్టు లెక్క.

(షాట్: బల్ల మీద విప్పిన క్రౌన్, పినియన్)

ఇప్పుడు అసలైంది. క్రౌన్, పినియన్, అంటే ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి మళ్ళించే పెద్ద, చిన్న పళ్ళ చక్రాలు. ఈ రెంటినీ కంపెనీలో ఒకదానికొకటి రాపాడించి జత చేస్తారు, చేసి రెండింటి మీదా ఒకే సెట్టు నంబరు వేస్తారు. క్రౌన్ మీద చూడండి, పక్కనే పళ్ళ లెక్క కూడా ఉంది, 6-37. అంటే పినియన్‌కి ఆరు, క్రౌన్‌కి ముప్ఫై ఏడు. కొందరు ఏం చేస్తారంటే పినియన్ పళ్ళు పోయాయని పాత సామాను కొట్లో అదే పళ్ళ లెక్కది ఇంకోటి తెచ్చి వేసేస్తారు. లెక్క సరిపోయింది కదా అంటారు. సెట్టు నంబరు కలవకపోతే పన్ను మీద పన్ను సరిగ్గా ఆనదు, ఒక మూలే బరువు మోస్తుంది. ట్రక్కు నిండా వడ్లు వేసుకుని కాలవ గట్టు ఎక్కేటప్పుడు వెనక నుంచి సన్నగా ఈల వేసినట్టు మోత వస్తుంది, కొన్నాళ్ళకి పళ్ళు రాలతాయి, అప్పుడు హౌసింగ్ మొత్తం విప్పాలి. కొనేటప్పుడు వెనక విప్పి చూపించమంటే ఎవరూ ఒప్పుకోరు, తెలుసు. కాబట్టి లోడు ట్రక్కు తగిలించి నడిపి చూడండి, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ మోత మారుతుందేమో వినండి. వెనక హౌసింగ్ కింది డ్రైన్ బోల్టు విప్పి కాస్త నూనె అరచేతిలో పోసుకుని ఎండలో పెట్టి చూడండి. మెరుపు రజను కనిపిస్తే లోపల అరుగుతోంది. పాల రంగులో ఉంటే దమ్ము నీళ్ళు లోపలికి పోయాయి.

ఇంజను విప్పి ఉంటే పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్‌కీ, దాని కింద బోల్టులతో బిగించే క్యాప్‌కీ ఒకే నంబరు, ఒకే వైపు ఉండాలి. రెండూ కలిపి బోరు చేసినవి కాబట్టి క్యాప్ తారుమారైతే ఆ రంధ్రం గుండ్రంగా ఉండదు, బేరింగు ఎక్కువ కాలం నిలబడదు. బేరింగు షెల్, అంటే బేరింగు సగం చిప్ప, దాని వీపున 010, 020 అని కొట్టి ఉంటుంది, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, ఇరవై, క్రాంకు ఎంత గ్రైండింగ్ చేశారో దాన్నిబట్టి వేస్తారు. ఒకే రాడ్‌లో పై షెల్ 010, కింది షెల్ 020 ఉంటే ఆ ఇంజను జోలికి పోవద్దు.

(షాట్: వెనక టైర్లు)

టైర్లు. ఒకవైపు 12.4-28, ఇంకోవైపు 13.6-28 వేసి తిప్పేవాళ్ళున్నారు. బండి తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు చక్రాలనీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే భాగం, దాని లోపల పళ్ళు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. రెండు టైర్లకీ నేలను తాకేచోట సుద్దగీత పెట్టి, చదునైన నేల మీద తిన్నగా నాలుగైదు చుట్లు పోనివ్వండి. ఒక గీత ముందు కిందికొస్తే కొలత తేడా ఉన్నట్టే, పక్కన ఏ నంబరు రాసి ఉన్నా సరే. ఒకటి కొత్తది, ఒకటి బోడిది అయినా ఇలాగే తేలుతుంది.

బానెట్, మడ్‌గార్డ్, సీటు, లైట్లు, సైలెన్సర్, ఇవి ఏ బండివైనా పరవాలేదు, వాటికోసం బేరం చెడగొట్టుకోకండి. డీజిల్ పంపు మాత్రం ప్లేటు మీది నంబరు ఫోటో తీసి పంపు మెకానిక్‌కి చూపించండి, చూడ్డానికి ఒకేలా ఉండే పంపులు వేరే ఇంజన్లకి వేరే కొలతలో డీజిల్ వదులుతాయి. ఆ ఫోటోలన్నీ, ఆర్‌సీ జెరాక్సు సహా, అడ్వాన్సు ఇవ్వకముందే మీ ఫోన్లో ఉండాలి.