ఫోన్-ఇన్ కార్యక్రమం: పిల్లల కెమిస్ట్రీ ప్రాజెక్టులు

యాంకర్: నమస్కారం. తొమ్మిది, పది తరగతుల కెమిస్ట్రీ ప్రాజెక్టుల మీద మీ ప్రశ్నలకు జవాబులివ్వడానికి ఫిజికల్ సైన్స్ సార్ మన స్టూడియోకి వచ్చారు. మొదటి కాల్ మర్రిగూడ నుంచి. చెప్పమ్మా.

విద్యార్థిని: నమస్తే సార్. తొమ్మిదో తరగతి చదువుతున్న. ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్న. చార్టు గీయాలా, మోడల్ చేయాలా?

సార్: చార్టు సంగతి తర్వాత చూద్దాం బిడ్డా. ముందు ఒక ప్రశ్న కావాలె. ఫ్లోరైడ్ గురించి మీ ఇంట్లో ఏమనుకుంటారు?

విద్యార్థిని: ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లే తాగుతున్నం. బోరు నీళ్లు గిన్నెలు తోమడానికే. కాగబెడితే ఫ్లోరైడ్ పోతుందని నానమ్మ అంటది సార్.

సార్: ఇంకేం, నీ ప్రాజెక్టు దొరికింది! కాగబెడితే క్రిములు చస్తాయి. ఆవిరయ్యేది మాత్రం నీళ్లే, ఫ్లోరైడ్ కాదు. మరి గిన్నెలో మిగిలిన నీళ్లలో ఎంత ఉంటుంది? నీ అంచనా ముందే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. ఒకే బోరు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టు, ఫ్లోరైడ్ నమూనాకు గాజు సీసా వాడరు. అందులో ఒక లీటరు తీసుకొని అర లీటరు అయ్యేదాకా కాగబెట్టు. కాగకముందువి, కాగినవి చల్లారాక ఫ్లోరైడ్ కిట్‌తో పరీక్షించు. మొత్తం మూడుసార్లు చెయ్యి.

విద్యార్థిని: రెట్టింపు రావాలె కదా సార్?

సార్: వస్తే వస్తుంది, రాకపోనూవచ్చు. కొన్ని ఊళ్ల నీళ్లు కాగితే గిన్నె అడుగున తెల్లగా సున్నంలా పేరుకుంటుంది చూడు, దాంతోపాటు కొంత ఫ్లోరైడ్ కూడా దిగిపోవచ్చు. లెక్క కుదరలేదని అంకెలు మాత్రం దిద్దకు. కుదరకపోతే ఎందుకు కుదరలేదో వెతుకు, అసలు కెమిస్ట్రీ అక్కడే ఉంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. నీ అంకెలు దాని పక్కన పెట్టి చూడు. కిట్‌లోని రంగు ద్రావణంలో ఆమ్లం ఉంటుంది, మీ టీచర్ పక్కనుంటేనే ముట్టుకో. కిట్ దొరకకపోతే హెడ్‌మాస్టర్‌తో గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌కు లెటర్ రాయించు.

యాంకర్: నల్గొండ టెక్నిక్ కూడా చేయొచ్చా సార్?

సార్: బ్రహ్మాండంగా. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరు పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపితే మడ్డి గడ్డకట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుక్కు దిగుతుంది. నాలుగు గ్లాసుల్లో పటిక ఒక్కటే మార్చాలె, మిగతావన్నీ అంతే ఉంచాలె. ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు.

యాంకర్: హాలియా నుంచి ఇంకో కాల్.

తండ్రి: సార్, మా పిల్లగాడు పదో తరగతి. అందరూ అగ్నిపర్వతం మోడల్ కొంటున్నారట. మేమూ కొనాల్నా?

సార్: వద్దన్నా. డబ్బు మీది, పని షాపువాళ్లది అయితే పిల్లగాడికి ఏమొస్తుంది? మీకు తోట ఏమన్నా ఉందా?

తండ్రి: బత్తాయి ఉంది సార్.

సార్: అయితే బత్తాయి రసంలో సి విటమిన్ కొలవమనండి. తెంపిన రోజుకి, వారం తర్వాతకి ఎంత తేడా? మెడికల్ షాపులో దొరికే పొవిడోన్ అయోడిన్‌ను నీళ్లలో పలుచగా చేయాలె. 10 మిల్లీలీటర్ల రసంలో కొంచెం గంజి నీళ్లు కలిపి, అయోడిన్‌ను చుక్కచుక్కగా వేయాలె. సి విటమిన్ ఉన్నంతసేపు రంగు పోతుంటుంది. అయిపోగానే నీలం నిలబడిపోతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోవాలె. 500 మిల్లీగ్రాముల సి విటమిన్ గోలీ అర లీటరు నీళ్లలో కరిగిస్తే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, దానికీ ఇట్లనే చుక్కలు లెక్కపెట్టి పోల్చుకోవాలె.

తండ్రి: ఏ కాయలైనా ఫర్వాలేదా?

సార్: ఒకే చెట్టువి, ఒకే సైజువి, ఒకేరోజు తెంపండి. రోజుకు మూడు కాయలు పరీక్షించాలె, ఒక కాయను నమ్మలేం. అయోడిన్ కలిపిన రసం పారబోయాలె.

తండ్రి: రేపు పొద్దున్నే తెంపుతం సార్.

యాంకర్: అచ్చంపేట నుంచి లైన్లో ఉన్నవాళ్లు, చెప్పండి.